రిపోర్టు కింద సంతకం ఎవరిది?

నల్లగొండ క్లాక్‌టవర్ చుట్టుపక్కల, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లో ల్యాబు బోర్డులకు కొదవ లేదు. రిపోర్టులో అంకెలు అందరూ చూస్తారు, అడుగున సంతకం ఎవరూ చూడరు. సుప్రీంకోర్టు దాకా వెళ్లిన గొడవ ఆ సంతకం గురించే.

ఆ సంతకం పెట్టాల్సిన పాథాలజిస్టు అంటే పోస్టుమార్టం చేసే డాక్టరని చాలామంది అనుకుంటారు. మన దగ్గర అది ఫోరెన్సిక్ వాళ్ల పని. పాథాలజిస్టు చూసేది ఎక్కువగా బతికున్నవాళ్ల రక్తం, కణాలు, గడ్డల ముక్కలే.

డెంగీ సీజన్‌లో మిషన్ ప్లేట్‌లెట్లు ఇరవై వేలని చూపిస్తే ఇంటిల్లిపాదికీ టెన్షన్. కొందరి రక్తంలో మాత్రం, గడ్డకట్టకుండా ట్యూబులో వేసే ఈడీటీఏ మందు వల్లే ప్లేట్‌లెట్లు అతుక్కుపోతాయి. ఆ గుంపులను మిషన్ ప్లేట్‌లెట్లుగా లెక్కేయదు. రక్తపు చుక్కను గాజు పలక మీద పలచగా పరిచి (దీన్నే స్మియర్ అంటారు) మైక్రోస్కోపు కింద పెడితే బండారం బయటపడుతుంది. ఈడీటీఏకు బదులు సిట్రేట్ అనే మందున్న ట్యూబులో మళ్లీ రక్తం తీస్తే చాలాసార్లు అసలు లెక్క తేలుతుంది. అంకెను అనుమానించడమే ఇక్కడ డాక్టరు పని.

గడ్డ నుంచి ముక్క తీసి చేసే పరీక్ష (బయాప్సీ) ఇంకా పెద్ద బాధ్యత. తీసిన ముక్కను వెంటనే ఫార్మలిన్ అనే నిల్వ ద్రవంలో వేయాలి, లేకపోతే కణాలు పాడైపోతాయి. తర్వాత దాన్ని మైనంలో దిమ్మకట్టి, 3 నుంచి 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందాన కోసి, రంగు పట్టించి చూస్తారు. క్యాన్సర్ అవునో కాదో తేలేది అక్కడే.

చాలా ఏళ్లు ఈ ముక్కలు ఎక్కువగా హైదరాబాద్ దారే పట్టాయి. మహబూబ్‌నగర్‌కు 2016లో, నల్లగొండ, సూర్యాపేటలకు 2019లో, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లకు 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఎంబీబీఎస్ రెండో ఏడాదిలో పాథాలజీ చెప్పాలి, ఆ విభాగం లేనిదే కాలేజీకి అనుమతి రాదు. అంటే పాఠం చెప్పడానికి వచ్చిన డాక్టర్లు రోగులకూ దక్కారు! 2021 జూన్‌లో 19 జిల్లాల్లో మొదలైన తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్రాల్లో నల్లగొండ, మహబూబ్‌నగర్, గద్వాల కూడా ఉన్నాయి. పల్లె దవాఖానాలో తీసిన రక్తం అక్కడికి వెళ్తుంది, పరీక్ష ఉచితం.

ప్రైవేటు ల్యాబుల కథ వేరు. టెక్నీషియన్లే ల్యాబులు పెట్టుకుని రిపోర్టులిస్తున్నారని గుజరాత్ పాథాలజిస్టులు కోర్టుకెక్కారు. పాథాలజీలో పీజీ చేసిన రిజిస్టర్డ్ డాక్టరే రిపోర్టు మీద సంతకం పెట్టాలని 2017 డిసెంబర్ 12న సుప్రీంకోర్టు తేల్చింది. చిన్న పట్టణాల్లో వీధికో పాథాలజీ ఎండీని (పీజీ చేసిన డాక్టరును) ఎక్కడి నుంచి తెస్తారన్న ప్రశ్నా న్యాయమైనదే. కానీ దానికి కొందరు కనిపెట్టిన ఉపాయం, ఊళ్లోనే లేని డాక్టరు సంతకాన్ని స్కాన్ చేసి అచ్చేయడం, న్యాయమైనది కాదు.

కేంద్రం 2018 మేలో ల్యాబులకు కనీస ప్రమాణాలు పెట్టింది, 2020 ఫిబ్రవరిలో వాటిని సవరించింది. మామూలు పరీక్షలు చేసే చిన్న ల్యాబుకు ఎంబీబీఎస్ డాక్టరు చాలన్నారు. ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేసినవాళ్లు తమ సబ్జెక్టులో ఫలితం ఇవ్వొచ్చు, దానికి అర్థం చెప్పే అభిప్రాయం మాత్రం రాయకూడదు. గడ్డ ముక్క మీద రాసేదంతా అభిప్రాయమే కాబట్టి, ఆ కాగితం మీద పాథాలజిస్టు సంతకం తప్పదు.