చాట్‌బాట్‌ను ఎలా అడగాలని అడిగిన పిల్లలకు

చిరంజీవులారా,

ప్రాంప్ట్, అంటే చాట్‌బాట్‌కు మనం రాసిచ్చే ప్రశ్న, ఎలా రాస్తే ఏఐ చాట్‌బాట్ మంచి జవాబిస్తుందని మీరు నన్ను అడిగారు. దానికి మంత్రాల్లాంటి వాక్యాలేవో ఉంటాయని, వాటిని రాసి దాచుకుంటే చాలునని చాలామంది నమ్ముతున్నారు. నా అనుభవంలో అలాంటివేవీ లేవు. మీకు ఏం తెలుసో, ఎక్కడ ఆగిపోయారో, ఏం కావాలో ముందు మీకు తేటపడితే ప్రాంప్ట్ దానంతటదే కుదురుతుంది.

ఎందుకంటే, మనం రాసిన మాటల తరువాత ఏ మాట రావడానికి ఎక్కువ అవకాశం ఉందో అంచనా కడుతూ, ఆ యంత్రం జవాబును ముక్క తరువాత ముక్కగా అల్లుకుపోతుంది. మీరు ఏ తరగతిలో ఉన్నారో, నిన్న ఏ పాఠం దగ్గర తికమకపడ్డారో మీరు చెబితే తప్ప దానికి తెలియదు; మీరు చెప్పని చోటల్లా ఎక్కువమందికి సరిపోయే ఊహతో పూరించేస్తుంది. ఆ ఎక్కువమందిలో మీరు ఉండకపోవచ్చు.

చదువు సంగతే చూద్దాం. "భిన్నాల భాగహారం వివరించు" అని అడిగితే, రెండో భిన్నాన్ని తిరగవేసి గుణించాలన్న సూత్రమే మళ్లీ వస్తుంది. అది మీకు తెలిసిందే. అసలు సందేహం వేరే ఉంది కాబట్టి ఇలా రాయండి: "నేను ఏడో తరగతి. 3/4ను 1/8తో భాగిస్తే 6 వస్తుందని చేయగలను. కాని భాగించాక జవాబు పెద్దది ఎలా అయిందో అర్థం కావడం లేదు. నువ్వు చెప్పేయకుండా, ఒక్కొక్క ప్రశ్న అడుగుతూ నేనే తెలుసుకునేలా చేయి." అప్పుడది, ముప్పావు మీటరు తాడులో మీటరులో ఎనిమిదో వంతు ఉండే ముక్కలు ఎన్ని వస్తాయని మిమ్మల్ని అడగవచ్చు. మీరు గీత గీసి, ముక్కలు చేసి, ఆరు లెక్కపెడతారు. భాగించడమంటే ఇందులో అవి ఎన్ని ఇముడుతాయని చూడటమేనని చేతికి తగిలాక, ఆ సూత్రాన్ని ఇక మరిచిపోరు.

పాఠాన్ని సంగ్రహంగా రాసిమ్మని అడగడం మీలో చాలామందికి అలవాటైంది. అది చదువుతుంటే అంతా వచ్చేసినట్టే ఉంటుంది. రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తరువాత మాత్రం, చదివింది గుర్తుకు తెచ్చుకుని రాసినవారే ముందు నిలిచారు. అందుకే సంగ్రహం బదులు పరీక్ష అడగండి. "ఈ పాఠం మీద ఐదు ప్రశ్నలు ఒక్కొక్కటిగా అడుగు, నేను జవాబు రాసేదాకా తరువాతి ప్రశ్నకు వెళ్లకు, తప్పయితే సూచన మాత్రమే ఇవ్వు" అంటే సరిపోతుంది. పేర్లు, సంవత్సరాలు, లెక్కలు అది ఎంత ధీమాగా చెప్పినా పుస్తకంతో సరిచూసుకోవాలి, ఎందుకంటే తప్పు చెప్పేటప్పుడు కూడా దాని ధీమా ఏమాత్రం తగ్గదు.

ఇక ప్రణాళిక. "పరీక్షకు టైంటేబుల్ వేయి" అన్న ప్రాంప్టుకు అందమైన పట్టిక వస్తుంది, మూడో రోజుకే అది మూలన పడుతుంది. మీకు 30 రోజులు, రోజుకు రెండు గంటలు, 12 పాఠాలు ఉన్నాయనుకోండి. మొత్తం 60 గంటలు, అంటే పాఠానికి ఐదు గంటలు. పునశ్చరణకు ఒక్క గంట కూడా మిగలదు. ఈ అంకెలతో పాటు ఏ రోజులు తీరిక ఉండదో, ఏ పాఠాలు కష్టమో, కిందటిసారి ఎక్కడ వెనకబడ్డారో కూడా రాయండి. మన పనికి పట్టే సమయాన్ని మనం తక్కువగా అంచనా వేస్తామని కానమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1979లోనే చెప్పారు. కాబట్టి పట్టిక చేతికొచ్చాక, "ఈ ప్రణాళిక 20వ రోజుకు దెబ్బతిన్నదనుకో, కారణాలు ఏమై ఉంటాయి?" అని మరో ప్రశ్న వేయండి. నా దృష్టిలో మొదటి ప్రశ్న కన్నా ఇదే విలువైనది.

నిర్ణయాల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. ఒకసారి నేను ఒక పని మొదలుపెట్టాలని ఉందని రాస్తే చాట్‌బాట్ మెచ్చుకుంది. కొత్త సంభాషణ తెరిచి, అదే పని మానుకోవాలని ఉందని రాస్తే దాన్నీ అంతే మెచ్చుకుంది. మన మొగ్గు ఎటుందో పసిగట్టి అటే ఒరిగే గుణం వీటిలో ఉంది. 1772లో ఇంగ్లండు శాస్త్రవేత్త జోసెఫ్ ప్రీస్ట్‌లీ ఒక ఉద్యోగం విషయంలో సలహా అడిగినప్పుడు, అమెరికా రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఏం చేయాలో తాను చెప్పలేనని, ఎలా తేల్చుకోవాలో మాత్రం చెబుతానని జవాబు రాశాడు. కాగితాన్ని రెండు నిలువు వరుసలు చేసి, మూడు నాలుగు రోజులపాటు తోచిన అనుకూల ప్రతికూల కారణాలన్నీ రాసి, సమాన బరువున్నవాటిని ఇటూ అటూ కొట్టేస్తూ పోవడమే ఆయన పద్ధతి. చాట్‌బాట్ దగ్గర కోరవలసిన సాయం కూడా అదే. "నేను ఏ గ్రూపు తీసుకోవాలి?" అని అడగకండి. మీ రెండు వరుసలూ ఇచ్చి, "నేను వదిలేసిన కారణాలేమిటి? ఇందులో నిజమెంత, నా ఊహ ఎంత? తేల్చుకునే ముందు ఎవరిని ఏమడిగి తెలుసుకోవాలి?" అని అడగండి. స్నేహితుల పేర్లు, ఇంటి విషయాలు, ఫోన్ నంబర్లు అందులో పెట్టకండి. వాటితో పని లేదు.

ఇంకొకటి. ఆ రెండు వరుసలను చాట్‌లో పెట్టే ముందే, మీ మొగ్గు ఎటుందో, ఎందుకో ఒక చీటీ మీద రాసి మడిచి ఉంచండి. సంభాషణ ముగిశాక చీటీ విప్పి చూసుకోండి. మనసు మారి ఉంటే, దాన్ని మార్చిన కారణం ఏమిటో ఆ చీటీ వెనకవైపు మీ సొంత మాటల్లో రాయండి. రాయడానికి కారణమేదీ దొరక్కపోతే ఆ రోజుకు నిర్ణయం వాయిదా వేయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య