బ్రేకులో ఎయిర్ పోవడం లేదా? మాస్టర్ సిలిండర్ కొనకండి

పోయిన నెలలో ఒక ఇంజినీరింగ్ కుర్రాడు 150 సీసీ బండిని ట్రాలీ ఆటోలో వేసుకుని విశాఖలోని మా షెడ్డుకు వచ్చాడు. చేతిలో ఒక అట్టపెట్టె, అందులో సీలు తీయని కొత్త మాస్టర్ సిలిండర్, అంటే లివర్ నొక్కగానే బ్రేక్ ఆయిల్‌ను గొట్టంలోకి తోసే భాగం. మొహం చూస్తే రెండు రాత్రులుగా కంటిమీద కునుకు లేనట్టు తెలుస్తోంది. బండి వాళ్ల నాన్నగారిది. సోమవారం ఆయన డ్యూటీకి వెళ్లాలి.

"అన్నా, క్యాలిపర్ కడుగుదామని గొట్టం విప్పి మళ్లీ బిగించాను. రెండు రోజులుగా ఎయిర్ తీస్తూనే ఉన్నాను. సీసాడు ఆయిల్ అయిపోయింది. లివర్ మాత్రం గ్రిప్పు దాకా వచ్చేస్తోంది. మాస్టర్ సిలిండర్ పోయిందని అందరూ అంటున్నారు. కొనుక్కొచ్చాను, బిగించి ఇవ్వండి."

"విప్పకముందు బ్రేకు ఎలా పట్టేది బాబూ?" అని అడిగాను. బాగానే పట్టేదన్నాడు. మరి కింద చక్రం దగ్గర డిస్క్‌ను ప్యాడ్లతో నొక్కి పట్టే క్యాలిపర్ కడిగితే పైన హ్యాండిల్ మీద ఉన్న మాస్టర్ సిలిండర్ ఎలా పోతుంది? కుర్రాడు కాసేపు ఆలోచించి అట్టపెట్టె వంక చూశాడు.

ఇలాంటి పెట్టెలు మా షెడ్డుకు తరచుగా వస్తుంటాయి. ఈ పనిలో ఇరవై రెండేళ్లు గడిచాయి. ఇంట్లో బ్రేకు పని మొదలుపెట్టి మధ్యలో చిక్కుకున్నవారికి ఇంతగా డబ్బు వదిలించిన మాట మరొకటి లేదు. అందుకే దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను.

అపోహ: ఎంత ఎయిర్ తీసినా లివర్ గట్టిపడకపోతే మాస్టర్ సిలిండర్ పోయినట్టే.

వాస్తవం: ఆ మాటతో నా దగ్గరికి వచ్చిన బండ్లలో చాలావాటికి మాస్టర్ సిలిండర్ నిక్షేపంగా ఉంది. పోనిది ఎయిరే, అంటే గొట్టంలోని ఆయిల్‌లో చిక్కుకుని లివర్‌ను మెత్తగా చేసే గాలి బుడగ. ఎందుకు పోదో చూడండి. బుడగ ఎప్పుడూ పైకి పోవాలని చూస్తుంది. మనమేమో పైనుంచి నొక్కి, కింద క్యాలిపర్ మీది నిపుల్ (ఎయిర్ వదలడానికి విప్పే చిన్న బోల్టు) గుండా బయటికి రమ్మంటాం. లివర్ ఒకసారి నొక్కితే కదిలే ఆయిల్ చెంచాడు కూడా ఉండదు. ఆ కాస్త తోపుకు బుడగ కొద్దిగా దిగుతుంది, మనం నిపుల్ కట్టి లివర్ వదిలేలోపు మళ్లీ ఎక్కేస్తుంది. అలా రోజంతా పంపు చేసినా అది ఉన్నచోటే ఉంటుంది.

అది ఎక్కడ ఉంటుందంటే, మాస్టర్ సిలిండర్ నుంచి గొట్టం మొదలయ్యే చోట బ్యాంజో బోల్టు ఉంటుంది చూడండి, అక్కడ. హ్యాండిల్ బార్ కొసలు కిందికి వాలి ఉంటాయి కాబట్టి బండిని నిటారుగా సెంటర్ స్టాండ్ మీద నిలబెడితే మొత్తం దారిలో ఆ బోల్టే అన్నిటికన్నా ఎత్తున ఉంటుంది. గాలి అక్కడికి చేరి కూర్చుంటుంది. మాస్టర్ సిలిండర్ మీది ఆయిల్ డబ్బాలోకి పోవాలంటే అది కిందికి దిగి పోవాలి. బుడగ కిందికి దిగదు.

కాబట్టి చేయవలసింది ఇది. బండిని సైడ్ స్టాండ్ మీద ఎడమకు వాల్చండి. బ్యాంజో బోల్టు కన్నా ఆయిల్ డబ్బా ఎత్తులో ఉండేలా హ్యాండిల్ తిప్పండి. డబ్బా మూత తీసి, పైన గుడ్డ అడ్డం పెట్టి, లివర్‌ను వేలితో కొద్దికొద్దిగా, అరంగుళం మించకుండా ఆడించండి. గట్టిగా నొక్కి వదిలితే ఆయిల్ పిచికారీలా ట్యాంకు మీద పడుతుంది, జాగ్రత్త. ఆవగింజలంత బుడగలు ఒకటొకటిగా డబ్బాలోకి వస్తాయి. అవి ఆగేదాకా ఓపిక పట్టండి. గొట్టాన్ని మధ్యమధ్య పానా పిడితో తడుతూ ఉంటే అంటుకున్నవి కూడా కదులుతాయి.

అయినా కాస్త మెత్తదనం మిగిలితే మూత పెట్టి, పాత ట్యూబు ముక్కతో లివర్‌ను గ్రిప్పుకు లాగి కట్టి రాత్రంతా వదిలేయండి. ఇది మంత్రమేమీ కాదు. ఒత్తిడికి బుడగలు చిన్నవై, గోడలను వదిలి పైకి చేరతాయి. పొద్దున్న కట్టు విప్పగానే డబ్బాలోకి వెళ్లిపోతాయి. ఆ కుర్రాడి బండికి నేను చేసింది ఇంతే. మర్నాడు లివర్ పట్టుకుని చూసి, "ఇంతేనా అన్నా!" అన్నాడు. పెట్టె సీలు తీయలేదు కాబట్టి కొన్నచోట వెనక్కి తీసుకున్నారు. సీలు తీసి ఉంటే ఆ డబ్బు పోయినట్టే.

మరి మాస్టర్ సిలిండర్ నిజంగా పోయిందని తెలిసేదెలా? లివర్‌ను గట్టిగా నొక్కి అలాగే పట్టుకోండి. ఎక్కడా చుక్క కారకుండానే అది మెల్లగా గ్రిప్పు వైపు దిగిపోతుంటే లోపలి రబ్బరు సీలు ఆయిల్‌ను వెనక్కి వదిలేస్తోందని అర్థం. అప్పుడు అనుమానించండి. నాలుగైదుసార్లు పంపు చేస్తే గట్టిపడి, వదిలేస్తే మళ్లీ మెత్తబడుతుంటే అది ఎయిర్. గతుకుల రోడ్డు దిగాక మొదటి నొక్కు మాత్రమే లోతుకు పోతుంటే డిస్క్ వంకరను, చక్రం బేరింగును చూడండి. లివర్ రాయిలా ఉన్నా బండి ఆగకపోతే ముందు ప్యాడ్లను అనుమానించండి. నా దగ్గర రంధ్రం లేని బోల్టు ఒకటి ఉంది. గొట్టం తీసేసి దాన్ని రాగి వాషర్‌తో మాస్టర్ సిలిండర్‌కు బిగించి నొక్కుతాను. లివర్ కదలకపోతే మాస్టర్ సిలిండర్ నిర్దోషి.

ఇంకొక్క మాట. పాత బండిలో ఎయిర్ తీస్తూ లివర్‌ను పూర్తిగా గ్రిప్పు దాకా నొక్కుతూ పోతే మంచి మాస్టర్ సిలిండర్ కూడా పాడయ్యే ప్రమాదం ఉంది. రోజువారీ వాడకంలో సీలు వెళ్లని లోతట్టు భాగంలో తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి. అక్కడికి తోస్తే సీలు కోసుకుపోతుంది. మా సముద్రపు గాలికి ఇది మరీ ఎక్కువ. లివర్‌కూ గ్రిప్పుకూ మధ్య చిన్న చెక్కముక్క పెట్టి పని చేసుకోండి.

నిపుల్‌కు తగిలించిన గొట్టంలో బుడగలు ఆగడం లేదని కంగారుపడేవారు మరికొందరు. సిరంజీతో నిపుల్ దగ్గర లాగుతున్నారా? అయితే ఎప్పటికీ ఆగవు. వదులు చేసిన నిపుల్ మరచుట్ల సందుల్లోంచి బయటి గాలి వస్తుంది, లోపలిది కాదు. లాగడం మానేసి అదే సిరంజీతో కింది నుంచి పైకి ఆయిల్ ఎక్కించండి, బుడగ దారిలోనే మనమూ వెళ్లినట్టవుతుంది. పైన డబ్బా పొర్లకుండా ఒకరు తోడుతూ ఉండాలి. క్యాలిపర్ మీద నిపుల్ పైవైపు ఉందో లేదో కూడా ఒకసారి చూసుకోండి. కిందికి ఉంటే క్యాలిపర్ ఊడదీసి, ప్యాడ్ల మధ్య చెక్క బిళ్ల పెట్టి, నిపుల్ ఆకాశం వైపు ఉండేలా పట్టుకుని తీయాలి.

నొక్కు, పట్టు, పావు చుట్టు విప్పు, కట్టు, వదులు. ఈ వరుస తప్పకూడదు. డబ్బాలో ఆయిల్ కింది గీత దాటకూడదు, దాటిందా మళ్లీ మొదటికొస్తుంది. నిపుల్‌కు రింగు పానా వాడండి, ఓపెన్ పానా వాడితే మూలలు అరిగిపోతాయి. బిగించేటప్పుడు బలం చూపించకండి. అది పిల్ల బోల్టు, విరిగితే క్యాలిపర్‌తో సహా పోతుంది.

అపోహ: బ్రేక్ ఆయిల్ తగ్గింది, పోసేస్తే సరి.

వాస్తవం: బ్రేక్ ఆయిల్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. ప్యాడ్లు అరిగే కొద్దీ వాటిని తోసే క్యాలిపర్ పిస్టన్లు ముందుకు జరుగుతాయి, ఆ ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది. తగ్గితే ముందు ప్యాడ్లు చూడండి, తర్వాత ఎక్కడైనా తడి ఉందేమో చూడండి. ఇవేమీ చూడకుండా నిండుగా పోసినవారికి కొత్త ప్యాడ్లు వేసిన రోజున పిస్టన్లు వెనక్కి నెడితే డబ్బా పొర్లి ట్యాంకు రంగు లేచిపోతుంది. పడిందా, తుడవకండి, వెంటనే నీళ్లు గుమ్మరించండి.

అపోహ: లెవెల్ ఉంది, రంగు బాగుంది, ఇంకేం మార్చాలి?

వాస్తవం: ప్రాణం మీదికి తెచ్చేది ఇది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. 3.7 శాతం నీరు చేరితే అది 155కు పడిపోతుంది. నీరు రంగులో కనిపించదు. ఊళ్లో తిరిగినన్నాళ్లూ మీకు తేడా తెలియదు. డిసెంబరు, జనవరిలో మంచు చూద్దామని లంబసింగి వెళ్లి, దిగేటప్పుడు ఘాట్ రోడ్డంతా వెనుక బ్రేకు మీద కాలు ఆనించి వస్తారు చూడండి, అప్పుడు తెలుస్తుంది. క్యాలిపర్ దగ్గర ఆయిల్ మరిగి ఆవిరవుతుంది. పెడల్ ఒక్కసారిగా గాలిలో తొక్కినట్టు పోతుంది. బండి పక్కకు తీసి అరగంట టీ తాగితే చల్లారి మళ్లీ పడుతుంది. అందుకే "దానంతట అదే బాగయింది అన్నా" అని నవ్వుతూ చెబుతారు. నాకు మాత్రం నవ్వు రాదు. రెండేళ్లకొకసారి ఆయిల్ మొత్తం మార్చండి. ఘాట్ దిగేటప్పుడు గేరు తగ్గించి ఇంజిన్‌తో ఆపుకోండి. సగం వాడి అటక మీద పెట్టిన సీసా బ్రేకులో పోయడానికి పనికిరాదు.

మిగతావి గబగబా చెబుతాను. డాట్ 3, 4, 5.1 ఒకే జాతివి. 5 మాత్రం సిలికాన్, పేరు చూసి 5.1 అనుకుని కలపకండి. డబ్బా మూత మీద ఏది రాసి ఉంటే అది పోయండి. అత్యవసరమని ఇంజిన్ ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్లన్నీ ఉబ్బి మొత్తం మార్చవలసి వస్తుంది. 2019 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉంది. ఆ బండ్లకు ఇంట్లో ఆయిల్ మార్చకూడదన్నది నిజం కాదు. మామూలు పద్ధతిలోనే మార్చుకోవచ్చు. డబ్బా ఖాళీ అయి ఏబీఎస్ యూనిట్‌లోకి ఎయిర్ పోయిందా, అప్పుడు ఏబీఎస్‌ను పరీక్షించే స్కానర్ ఉన్నవారి దగ్గరికి వెళ్లవలసి రావచ్చు. వాటర్ సర్వీసింగ్‌లో మెరుపు కోసం కొట్టే డీజిల్ డిస్క్ మీద పడితే బ్రేకు పట్టదు, దానికి ఎయిర్ తీసి లాభం లేదు. డిస్క్ కడిగి ప్యాడ్లు మార్చాలి.

ముందు చక్రం పట్టేసి తిరగడం లేదని ఎయిర్ తీయమనేవారూ ఉన్నారు. నిపుల్ కాస్త వదులు చేయగానే చక్రం తిరిగితే లోపల ఒత్తిడి చిక్కుకుందని అర్థం. మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ వెనక్కి పోయే సన్నటి రంధ్రం మూసుకుపోయి ఉంటుంది. లేదా అందం కోసం వేయించిన రంగుల లివర్ పిస్టన్‌ను ఎప్పుడూ కొద్దిగా నొక్కి పట్టి ఉంటుంది. పాత లివర్ పారేయకుండా దాచుకున్నవారు అదృష్టవంతులు.

ప్యాడ్లు మార్చాక కదిలేముందు లివర్ పంపు చేయండి. ఈ మాట నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. షెడ్డులో చేరిన తొలి ఏడాది, కొత్త ప్యాడ్లు వేసి, పిస్టన్లు వెనక్కి నెట్టి, పంపు చేయకుండా ట్రయలుకు తీశాను. లివర్ గ్రిప్పుకు వచ్చేసింది, బండి మాత్రం ఆగలేదు. ఎదురుగా టీకొట్టు నీళ్ల డ్రమ్ము అడ్డం ఉండబట్టి నేను రోడ్డు మీదికి పోలేదు. మా మేస్త్రిగారు తిట్టలేదు. ఆ రోజు నుంచి ప్రతి బండికీ తాళం ఇచ్చేముందు "పంపు చేశాను" అని గట్టిగా చెప్పించేవారు. ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలచేత నేనూ చెప్పిస్తాను.

నిన్న సాయంత్రం ఒక పెద్దాయన పాత స్కూటర్ తెచ్చి, బ్రేకులో ఎయిర్ పట్టింది, తీయమన్నారు. రెండూ డ్రమ్ము బ్రేకులే. తీగతో లాగే బ్రేకుకు ఎయిర్ ఎక్కడ పడుతుందండీ అంటే నమ్మలేదు, మనవడు ఫోనులో చూపించాడట. వెనుక నట్టు నాలుగు చుట్లు బిగించి, చక్రం ఒకసారి తిప్పి చూపించి ఇచ్చేశాను. డబ్బు వద్దన్నాను. ఆయన కాసేపు నా వైపు అనుమానంగా చూసి, "ఎయిర్ మొత్తం పోయినట్టేనా?" అని అడిగి మరీ వెళ్లారు.