బుల్లి యాంటెన్నాలు, మెటామెటీరియల్స్: అపోహలు - వాస్తవాలు

వైజాగ్‌లో బోట్ల ట్రాకర్లకీ సెన్సర్లకీ యాంటెన్నాలు చేస్తుంటాను. ఫైనలియర్ ప్రాజెక్టుల సీజన్ వచ్చిందంటే ఇవే మాటలు వినిపిస్తాయి.

అపోహ: మెటామెటీరియల్ అంటే ఏదో కొత్త లోహం.

కాదు. మామూలు ఎఫ్‌ఆర్-4 (సర్క్యూట్లకి వాడే గ్లాస్‌ఫైబర్) బోర్డు మీద రాగి గీతలే. తరంగదైర్ఘ్యం కన్నా బాగా చిన్నవైన చీలిక రింగుల్ని వరసగా పేరిస్తే, తరంగానికి ఆ వరస మొత్తం ఒకే పదార్థంలా కనిపిస్తుంది.

అపోహ: ఇది పెడితే యాంటెన్నాని ఎంతైనా కుదించొచ్చు.

యాంటెన్నా ఎంత చిన్నదైతే బ్యాండ్‌విడ్త్ (పనిచేసే ఫ్రీక్వెన్సీల వెడల్పు) అంత తగ్గుతుందని 1948లో చూ అనే శాస్త్రవేత్త తేల్చిన హద్దు ఎక్కడికీ పోలేదు. 866 మెగాహెర్ట్జ్ దగ్గర పావు తరంగం తీగ సుమారు 8.7 సెం.మీ. ఉంటుంది. యాంటెన్నా మొత్తాన్నీ 3 సెం.మీ. వ్యాసం గోళంలో ఇరికిస్తే, నష్టాలేమీ లేవనుకున్నా క్యూ (ఇది పెరిగితే బ్యాండ్‌విడ్త్ తగ్గుతుంది) సుమారు 53 కన్నా తగ్గదు. సైజు మళ్ళీ సగం చేశారా, బ్యాండ్‌విడ్త్ దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మెటామెటీరియల్ చేసేదల్లా మనల్ని ఆ హద్దు దగ్గరికి చేర్చడం, విడి కాయిల్స్ లేకుండానే మ్యాచింగ్ (పవర్ వెనక్కి రాకుండా యాంటెన్నాని సర్క్యూట్‌కి జతపరచడం) కుదర్చడం. అదీ తక్కువేం కాదు. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2010లో పరీక్షించిన ఇలాంటి బుల్లి యాంటెన్నాలు ఇచ్చిన సిగ్నల్‌లో 95 శాతం దాకా ప్రసారం చేశాయి.

అపోహ: ఎస్11 (యాంటెన్నా నుంచి వెనక్కి వచ్చే పవర్ కొలత) మైనస్ 30 డీబీ వచ్చింది, ఇక యాంటెన్నా అదిరినట్టే.

నన్ను బాగా విసిగించేది ఇదే. 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (పవర్‌ని వేడిగా మార్చేసే రెసిస్టర్) బిగించి చూడండి, అంతకన్నా మంచి రీడింగ్ వస్తుంది. గాల్లోకి మాత్రం ఏమీ పోదు! పవర్ వెనక్కి రాలేదని చెప్పడం వరకే ఎస్11 పని, అది ఎక్కడికి పోయిందో దానికి తెలీదు. రెజొనెన్స్ (రింగులు బాగా స్పందించే ఫ్రీక్వెన్సీ) దగ్గర రింగుల్లో కరెంటు గట్టిగా తిరుగుతుంది. ఎఫ్‌ఆర్-4 లాస్ టాంజెంట్ (పదార్థం ఎంత పవర్ మింగుతుందో చెప్పే సంఖ్య) 0.02 దగ్గర ఉంటుంది కాబట్టి పవర్‌లో మంచి భాగం బోర్డులోనే వేడిగా మారిపోతుంది. ఇంకో సంగతి, కొలిచేటప్పుడు కేబుల్‌ని వేళ్ళతో పట్టుకుని కాస్త జరపండి. స్క్రీన్ మీద ఎస్11 గ్రాఫ్‌లోని పల్లం (డిప్) కూడా జరిగితే కేబుల్ కూడా యాంటెన్నాలా పనిచేస్తోందన్నమాట. కేబుల్‌కి ఫెరైట్‌లు (కేబుల్ పైన పారే కరెంటుని ఆపే రింగులు) తొడగండి. తర్వాత వీలర్ క్యాప్ (యాంటెన్నా మీద మూసే లోహపు డబ్బా) పెట్టి ఎఫిషియెన్సీ (ఇచ్చిన పవర్‌లో గాల్లోకి పోయే వంతు) తీయండి. 866 మెగాహెర్ట్జ్‌కి, యాంటెన్నా చుట్టూ 5.5 సెం.మీ. ఖాళీ ఉండే రాగి రేకు డబ్బా చాలు.

అపోహ: సిమ్యులేషన్‌లో వచ్చింది హార్బర్‌లోనూ వస్తుంది.

ఫిషింగ్ హార్బర్‌లో బోటు మీద పెట్టిన దేనికైనా ఉప్పు నీటి పొర పడుతుంది. నీటి పెర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రానికి స్పందించే గుణం, గాలికి దాదాపు 1) 80 చుట్టూ ఉంటుంది. ఇరుకు బ్యాండ్ యాంటెన్నా మీద అది చేరితే ఫ్రీక్వెన్సీ కిందికి జారుతుంది, ఉప్పు వల్ల నష్టం అదనం. అందుకే డబ్బా మూతకీ బోర్డుకీ మధ్య ఖాళీ వదులుతాను.

అదే బోటు మీద ఇనుప డెక్ ఉంటే మాత్రం మెటామెటీరియల్‌కే నా ఓటు. మామూలుగా యాంటెన్నాని లోహానికి పావు తరంగం ఎత్తులో పెట్టాలి. కింద కృత్రిమ అయస్కాంత వాహకంలా పనిచేసే షీట్ వేస్తే, ప్రతిఫలించిన తరంగం అదే ఫేజ్‌లో, అంటే అసలు తరంగంతో కలిసి బలపడేలా వస్తుంది, యాంటెన్నాని పడుకోబెట్టినా పనిచేస్తుంది. షీట్‌కి చోటు మాత్రం కాస్త ఎక్కువే కావాలి.