పేగు గోడలో లోతు లెక్క

పెద్దపేగులో గడ్డ ఉందని రిపోర్టు రాగానే ఇంట్లోవాళ్లు ముందుగా అడిగేది దాదాపు ఒకటే: "ఎంత సైజు ఉంది డాక్టర్‌గారూ?" అలా అడగడం సహజం. అయితే అన్నవాహిక నుంచి మలాశయం దాకా వచ్చే క్యాన్సర్లలో సైజు కన్నా లోతు ముఖ్యం. 3 సెంటీమీటర్ల వెడల్పున్న గడ్డ అయినా పైపొరలోనే ఆగి ఉంటే, చాలాసార్లు పొట్ట కోయకుండా, మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి చూసే కొలొనోస్కోపీలోనే తీసేయవచ్చు. అందులో సగం ఉన్న గడ్డ కండరంలోకి దిగిపోయిందంటే మాత్రం పేగులో పెద్ద ముక్కనే తీయాల్సి వస్తుంది.

జీర్ణనాళం గోడ పొరలు పొరలుగా ఉంటుంది. లోపల ఆహారం తాకే జిగురుపొర. దాని కింద రక్తనాళాలు, కణాల మధ్య ఊరే నీటిని మోసుకెళ్లే లింఫు నాళాలు పరుచుకున్న మెత్తటి పొర. ఆ తర్వాత ఆహారాన్ని ముందుకు నెట్టే కండరం, చివరికి పల్చటి తొడుగు. క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ జిగురుపొరలోనే పుట్టి బయటివైపు తవ్వుకుంటూ పోతుంది. పెద్దపేగు జిగురుపొరలో లింఫు నాళాలు దాదాపు ఉండవు కాబట్టి, అక్కడ ఉన్నంతకాలం ఆ కణాలు వేరే చోటికి వెళ్లలేవు. రెండో పొరలోకి దిగాకే వాటికి దారి దొరుకుతుంది. అన్నవాహికకు ఆ రక్షణ లేదు. లింఫు నాళాలు లోపలి పొర దాకా వచ్చి ఉంటాయి, బయటి తొడుగు చాలా భాగంలో ఉండదు. అక్కడి క్యాన్సర్ తొందరగా పాకడానికి ఇదొక ముఖ్య కారణం. పైగా అన్నవాహిక సాగే గొట్టం. దారి బాగా ఇరుకైతే గానీ ముద్ద అడ్డుపడుతున్నట్టు మనిషికి తెలియదు.

అసలు ఈ తవ్వకం ఎందుకు మొదలవుతుంది? పేగు లోపలి పొర కొద్ది రోజులకోసారి కొత్తదవుతూ ఉంటుంది. పాత కణాలు రాలిపోతాయి, కింద ఉన్న కణాలు విడిపోయి వాటి చోటు నింపుతాయి. విడిపోయే ప్రతిసారీ జన్యువుల్లో చిన్న తప్పు దొర్లే అవకాశం ఉంది. ఆ పొరను పదే పదే గాయపరిచేది ఏదైనా ఈ పనిని ఎక్కువ చేయిస్తుంది, తప్పులూ పెరుగుతాయి. అన్నవాహికలో ఒక రకం క్యాన్సర్‌కు పొగాకు, మద్యం పెద్ద కారణాలు. రెండూ కలిస్తే ముప్పు కూడిక లెక్కన కాక హెచ్చవేత లెక్కన పెరుగుతుంది. 65 డిగ్రీలకు పైబడిన వేడితో పానీయాలు తాగడం కూడా ముప్పు పెంచవచ్చని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో చెప్పింది. అన్నవాహిక కింది చివర వచ్చే రెండో రకం వేరు. అక్కడ ఊబకాయం, ఏళ్ల తరబడి పైకి తన్నే ఆమ్లం నేరస్థులు. ఆమ్లం దెబ్బకు అన్నవాహిక లోపలి పొర మారిపోయి పేగు పొరలా తయారవుతుంది. క్యాన్సర్‌కు ముందు మెట్టు అదే.

జీర్ణాశయం సంగతి అందరికీ తెలియాల్సిన కథ. అంత ఆమ్లంలో ఏ సూక్ష్మజీవీ బతకదని వైద్యులు చాలాకాలం నమ్మారు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ 1982లో జీర్ణాశయం ముక్కల నుంచి మెలికలు తిరిగిన ఒక బ్యాక్టీరియాను పెంచగలిగారు. అల్సర్లకు అదే కారణమంటే ఎవరూ ఒప్పుకోలేదు. 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియాను తానే తాగి జీర్ణాశయపు వాపు తెచ్చుకున్నాడు. అదే హెలికోబాక్టర్ పైలోరీ. 1994లో దాన్ని క్యాన్సర్ కారకంగా గుర్తించారు, 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఇది సోకినవాళ్లలో క్యాన్సర్ వచ్చేది నూటికి ఒకరి నుంచి ముగ్గురికే. కానీ సోకినవాళ్ల సంఖ్య కోట్లలో ఉండడంతో ఆ కొద్ది శాతమే పెద్ద సంఖ్య అవుతుంది. యాంటీబయాటిక్స్‌తో నయం చేయగల ఒక ఇన్ఫెక్షన్ ఇంత పెద్ద క్యాన్సర్‌కు మూలం కావడం బాధాకరమే, కానీ ఆశ కూడా అక్కడే ఉంది.

పెద్దపేగులో ముప్పు గురించి చెప్పే అంకెలు జనాన్ని అనవసరంగా హడలెత్తిస్తాయి. నిల్వకోసం ప్రాసెస్ చేసిన మాంసం రోజూ 50 గ్రాములు తింటే ముప్పు 18 శాతం పెరుగుతుందని 2015లో ప్రకటించారు. దీని అర్థం నూటికి 18 మందికి వస్తుందని కాదు. జీవితకాలంలో నూటికి 5 మందికి వచ్చేచోట 6 మందికి రావచ్చని. పొగ, మద్యం, బరువు, కదలకుండా కూర్చోవడం, అన్నిటికీ మించి వయసు కలిసి ఈ లెక్కను మారుస్తాయి. ఏ దురలవాటూ లేనివాళ్లకూ ఈ జబ్బు వస్తుంది. "ఏం తిన్నావో, ఏం చేశావో" అని రోగిని నిలదీయడం క్రూరత్వం.

ఒక మంచి సంగతి ఏమిటంటే, ఇక్కడ టైమ్ దొరుకుతుంది. ఈ క్యాన్సర్లలో ఎక్కువ భాగం పాలిప్ అనే చిన్న పిలకగా మొదలవుతాయి. చాలా పాలిప్‌లు ఎప్పటికీ క్యాన్సర్‌గా మారవు, మారేవాటికి తరచు పదేళ్ల దాకా పడుతుంది. అమెరికాలో పాలిప్‌లు తీయించుకున్నవాళ్లను ఏళ్ల తరబడి గమనించి 2012లో ఫలితాలు ప్రకటించారు. వాళ్లలో పెద్దపేగు క్యాన్సర్ మరణాలు సాధారణ జనాభాలో ఊహించినదాని కన్నా 53 శాతం తక్కువ. కుడివైపు పేగులోని గడ్డ కంటికి కనపడకుండా కొద్దికొద్దిగా రక్తం కారుస్తుంది. మనిషికి తెలిసేది నీరసం, రక్తహీనత మాత్రమే. పెద్దవయసులో కారణం తెలియకుండా ఐరన్ తగ్గితే మాత్రలు రాసి పంపేయడం సరిపోదు, పేగు చూడాలి. ఎడమవైపు గడ్డకు ఎర్రటి రక్తం పడుతుంది. దాన్ని మొలలే అనుకుని నెలలు గడిపేసినవాళ్లు ఎంతమందో.

ఇక ఆపరేషన్. చిన్న గడ్డకు అంత పొడవు పేగు ఎందుకు తీశారని చాలామంది మథనపడతారు. క్యాన్సర్ కణాలు గడ్డ నుంచి లింఫు నాళాల్లోకి, అక్కడి నుంచి లింఫు గ్రంథుల్లోకి వెళ్తాయి. ఆ గ్రంథులు పేగుకు రక్తం తెచ్చే ధమని వెంట ఉంటాయి. వాటిని పూర్తిగా తీయాలంటే ధమనిని మొదట్లోనే కట్టేయాలి. అలా కట్టేస్తే ఆ ధమని మీద ఆధారపడ్డ పేగంతా చచ్చిపోతుంది, కాబట్టి దాన్నీ తీసేయాలి. ఎంత పేగు పోవాలో తేల్చేది ఎక్కువగా రక్తనాళాల పటమే. తీసిన ముక్కలో కనీసం 12 గ్రంథులను పాథాలజిస్టు (మైక్రోస్కోపులో పరీక్షించే డాక్టర్) చూడాలన్నది పాటించే ప్రమాణం.

మలాశయం దగ్గర మరీ కష్టం. కటి ఎముకల మధ్య ఇరుకులో మూత్రాశయానికి, లైంగిక శక్తికి సంబంధించిన నరాలు ఆనుకునే ఉంటాయి. మలాశయం చుట్టూ కొవ్వు, గ్రంథులు ఒక పల్చటి తొడుగులో ఉంటాయి. పొట్లం విప్పకుండా తీసుకున్నట్టు ఆ తొడుగు చిరగకుండా మొత్తాన్ని బయటికి తీయాలని 1982లో ఇంగ్లండ్ సర్జన్ బిల్ హీల్డ్ చూపించాడు. అప్పటిదాకా అదే చోట మళ్లీ మొలిచే క్యాన్సర్లు దాంతో బాగా తగ్గాయి. మందు మారలేదు, మిషన్ మారలేదు, చేయి కదిలే దారి మారింది. నాకు సర్జరీ చరిత్రలో ఇంతకన్నా గౌరవం కలిగించే మార్పు కనపడదు.

అన్నవాహిక తీసేస్తే దాని చోట ఎక్కువగా జీర్ణాశయాన్నే వాడతారు. దాన్ని సన్నటి గొట్టంలా మలిచి ఛాతీలోకో మెడలోకో లాగి కలుపుతారు. మిగిలిన ధమనులు కోసేస్తారు కాబట్టి కుడివైపు కింది అంచు వెంట వచ్చే ఒక్క ధమనే ఆ గొట్టాన్ని ముఖ్యంగా బతికించాలి. అందుకే అతుకు వేసేముందు సర్జన్ కోసిన అంచు రంగు చూస్తాడు, ఎర్రటి రక్తం వస్తుందో లేదో చూస్తాడు. రక్తనాళంలోకి రంగు ఎక్కించి ప్రత్యేక కెమెరాలో ఆకుపచ్చగా మెరుస్తుందా అని చూసే పద్ధతీ వచ్చింది. ఆ అతుకు లీకైతే ప్రాణం మీదికి వస్తుంది. ఆపరేషన్‌కు కొన్ని వారాల ముందే పొగ మానేయమనేది, తగ్గిన బరువు పెంచమనేది ఇందుకే. ఇలాంటి ఆపరేషన్లు ఎక్కువ సంఖ్యలో చేసే ఆస్పత్రుల్లో మరణాలు తక్కువని చాలా దేశాల్లో తేలింది. అందుకే "ఏడాదికి ఇవి ఎన్ని చేస్తారు?" అని మొహమాటం లేకుండా అడగవచ్చు.

కత్తి ఎప్పుడూ ముందే రాదు. లోతుకు వెళ్లిన జీర్ణాశయ క్యాన్సర్‌కు ముందు కీమో ఇచ్చి, తర్వాత కోసి, మళ్లీ కీమో ఇస్తున్నారు. మలాశయంలో రేడియేషన్, కీమోలతో గడ్డ పూర్తిగా కరిగిపోతే కొందరిని కోయకుండా గట్టి నిఘాలో ఉంచుతారు. బ్రెజిల్ సర్జన్ ఆంజెలీటా హాబర్-గామా దీనికి దారి వేసింది.

పేగు నుంచి తీసిన ముక్క కుటుంబం గురించీ చెబుతుంది. జన్యువుల్లో తప్పులు దిద్దే ప్రొటీన్లు ఆ గడ్డలో లేవని తేలితే, వంశపారంపర్యంగా వచ్చి క్యాన్సర్ ముప్పు పెంచే లించ్ సిండ్రోమ్ కావచ్చేమోనని రక్తపరీక్ష చేస్తారు. అది ఉందని తేలితే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు కూడా పరీక్ష చేయించుకోవాలి. ఆ జన్యులోపం ఉన్నవాళ్లకు సాధారణంగా ఏడాదికో రెండేళ్లకో కొలొనోస్కోపీ అవసరం. జీర్ణాశయంలో ఇంకా కఠినమైనది ఒకటుంది. సీడీహెచ్1 అనే జన్యువు దెబ్బతింటే క్యాన్సర్ కణాలు గడ్డ కట్టకుండా పొర కిందే విడివిడిగా పాకుతాయి. నోటి గుండా కెమెరా గొట్టం పంపి చూసే ఎండోస్కోపీకి దొరకవు. న్యూజీలాండ్‌లోని ఒక మావోరీ కుటుంబంలో ఈ లోపాన్ని 1998లో కనుక్కున్నారు. అలాంటివాళ్లలో చాలామందికి ఏ బాధా లేనప్పుడే జీర్ణాశయం మొత్తం తీయించుకోమని సలహా ఇస్తారు. పరీక్షకు తీసిన చిన్న ముక్కలు (బయాప్సీలు) శుభ్రంగా ఉన్నా, తీసిన జీర్ణాశయాన్ని సన్నగా కోసి చూస్తే ఎక్కువమందిలో సూక్ష్మమైన క్యాన్సర్ మచ్చలు బయటపడ్డాయి. అన్నవాహికను నేరుగా చిన్నపేగుకు కలిపాక వాళ్లు కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు తింటారు. బీ12ను పేగు పీల్చుకోవడానికి కావాల్సిన పదార్థం జీర్ణాశయంలోనే తయారవుతుంది కనుక జీవితాంతం ఆ విటమిన్‌ను ఇంజెక్షన్‌గానో, పెద్ద మోతాదు మాత్రలుగానో తీసుకుంటారు.