నేలమాళిగలో ఎముకలు

నల్లవాళ్ల మీద డాక్టర్లు రహస్యంగా ప్రయోగాలు చేసే హారర్ నవల చదివితే, రచయిత ఇంత ఘోరం ఎలా ఊహించారా అనిపిస్తుంది. నిజానికి అందులో ఊహించింది తక్కువ.

మన పిల్లలకు బూచాడు ఉన్నట్టే, అమెరికాలో నల్లవాళ్ల ఇళ్లలో ‘నైట్ డాక్టర్లు’ ఉండేవాళ్లు. చీకటి పడ్డాక ఆస్పత్రి చుట్టుపక్కల తిరిగితే ఎత్తుకుపోయి కోసేస్తారని పెద్దలు చెప్పేవారు. బయటివాళ్లు దాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేశారు.

1989లో జార్జియా రాష్ట్రంలోని అగస్టాలో పాత మెడికల్ కాలేజీ భవనానికి మరమ్మతులు చేస్తుంటే, నేలమాళిగ మట్టిలోంచి వేల ఎముకలు బయటపడ్డాయి. ఎక్కువ భాగం నల్లవాళ్లవే. విద్యార్థులు కోసి నేర్చుకోవడానికి శవాలు కావాలి, చట్టం చూస్తే ఒప్పుకోదు. అందుకని కాలేజీవాళ్లు 1852లో చార్ల్‌స్టన్‌లో గ్రాండిసన్ హారిస్ అనే బానిసను 700 డాలర్లకు కొన్నారు. రాత్రిపూట నల్లవాళ్ల శ్మశానం సెడార్ గ్రోవ్‌కి వెళ్లి, కొత్తగా పూడ్చిన శవాలను తవ్వి తేవడం అతని పని. బానిసకు చదువు చెప్పడం అప్పట్లో అక్కడ నేరం. అయినా అతనికి చదవడం నేర్పించారు, ఎవరెవరు చనిపోయారో పేపర్లో చూసుకోవడానికి! ఈ ఒక్క వివరం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఒక మనిషికి అక్షరాలు నేర్పింది తనవాళ్ల సమాధులు వెతకడానికా?

బతికున్నవాళ్లనూ వదల్లేదు. అలబామాలోని మాంట్‌గోమరీలో 1845 నుంచి 1849 దాకా జె. మారియన్ సిమ్స్ అనే డాక్టర్ బానిస స్త్రీల మీద మత్తు ఇవ్వకుండానే ఆపరేషన్లు చేశాడు. అనార్కా అనే అమ్మాయికి దాదాపు 30 సార్లు. న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో ఉన్న అతని విగ్రహాన్ని 2018లో గానీ తీయలేదు.

అదే అలబామాలోని టస్కీగీలో 1932లో ప్రభుత్వ ఆరోగ్య శాఖే 399 మంది సిఫిలిస్ (ఒక సుఖవ్యాధి) రోగులను ఎంచుకుంది. అందరూ నల్లవాళ్లే. ‘చెడు రక్తం’ ఉందన్నారు తప్ప జబ్బు పేరు చెప్పలేదు. దాన్ని నయం చేసే పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. చనిపోయాక శవాన్ని కోయనిస్తే అంత్యక్రియల ఖర్చు ఇస్తామన్నారు. పేద కుటుంబాలు ఒప్పుకున్నాయి. 1972లో పత్రికల్లో వచ్చేదాకా, 40 ఏళ్లు, అలాగే సాగింది.

అగస్టా ఎముకలను 1998లో సెడార్ గ్రోవ్‌లోనే మళ్లీ పూడ్చారు. అవి ఎవరెవరివో తెలియదు కాబట్టి పేర్లు లేవు. 1911లో చనిపోయిన హారిస్‌ని పూడ్చింది కూడా ఆ శ్మశానంలోనే.