నల్లగా వచ్చిన ఫ్లాష్ ఫోటోలు: అపోహలు - వాస్తవాలు

పెళ్లిళ్ల సీజన్ అయిపోయాక నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. "అన్నా, మా బావమరిది తన కెమెరాతో తీశాడు. కొన్నిటికి ఫ్లాష్ సరిగా పడలేదు. నల్లగా వచ్చినవి డిలీట్ చేసేశాం. మిగిలినవాటితో ఆల్బమ్ చేసిపెట్టు." డిలీట్ అన్న మాట వినగానే ప్రాణం ఉసూరుమంటుంది. పదిహేనేళ్లుగా పెళ్లి ఫోటోల ఎడిటింగే నా పని. ఈ ఒక్క అపోహ వల్ల పోయినన్ని ఫోటోలు కెమెరాలు పాడై పోవడం నేను చూడలేదు.

అపోహ: నల్లగా వచ్చిన ఫోటో ఇక పనికిరాదు.

వాస్తవం: చాలాసార్లు పనికొస్తుంది. స్టాప్ అంటే వెలుతురు సగం కావడమో, రెట్టింపు కావడమో. ఫ్లాష్ రెండు స్టాపులు తక్కువ పడిందంటే కావాల్సిన వెలుతురులో నాలుగో వంతే అందిందన్నమాట. కెమెరా వెనక ఉన్న చిన్న స్క్రీన్ మీద అది చీకటిగానే కనిపిస్తుంది. కానీ ముఖం, నగలు, చీర అంచు అన్నీ ఫైల్‌లో ఉంటాయి. రా అంటే కెమెరా సెన్సర్ పట్టుకున్నదంతా ఉంచే అసలు ఫైల్, జేపెగ్ అంటే మామూలుగా వచ్చే కుదించిన ఫోటో. 14 బిట్ రా ఫైల్‌లో ఒక్కో రంగుకి 16,384 వెలుతురు మెట్లు ఉంటాయి, జేపెగ్‌లో 256 మాత్రమే. అందుకే రా ఫైల్ అయితే రెండు స్టాపులు ధైర్యంగా పెంచొచ్చు. మూడు పెంచితే గ్రెయిన్ (ఇసక చల్లినట్టు చుక్కలు) వస్తుంది, అయినా చిన్న ప్రింట్‌కి సరిపోతుంది. జేపెగ్ అయితే ఒకటి, మహా అయితే ఒకటిన్నర.

అసలు చేతికి రానిది ఓవర్ అయిన, అంటే వెలుతురు మరీ ఎక్కువైన ఫోటో. నుదురు తెల్లగా కాలిపోయి విలువ 255కి (పూర్తి తెలుపుకి) చేరితే ఇక అక్కడ ఏమీ లేదు, ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చివ్వలేదు. మనవాళ్లు మాత్రం దాన్ని వెలుతురుగా ఉందని దాచుకుని, నల్లదాన్ని తీసేస్తారు!

ఒకసారి ఒక అమ్మాయి తల్లి కెమెరా మెమరీ కార్డు పట్టుకుని వచ్చారు. తలంబ్రాలప్పుడు వాళ్ల బంధువుల అబ్బాయి వరసగా షాట్లు కొట్టాడు. మొదటి షాట్‌కి ఫ్లాష్ నిండుగా వెలిగింది. తర్వాతి మూడింటికి ఇంకా ఛార్జ్ అవ్వక గుడ్డిగా వెలిగింది. ఇంట్లో వాళ్లు మొదటిది ఉంచి మూడూ డిలీట్ చేశారు. ఉంచిన దాంట్లో పెళ్లికూతురు కళ్లు మూసుకుని ఉంది. "బాబూ, మా అమ్మాయి కళ్లు తెరిచినట్టు చేయగలరా?" అని అడిగారావిడ. ఆ తర్వాత ఆ కార్డులో ఏమీ తీయలేదని తెలిసి నాకు ఆశ కలిగింది. డిలీట్ చేసినా, దాని మీద కొత్తవి పడేదాకా పాత ఫోటో కార్డులో ఉండే అవకాశముంది. ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో వెతికితే మూడూ దొరికాయి. రెండోదాన్ని రెండున్నర స్టాపులు పెంచాను. అమ్మాయి పకపకా నవ్వుతోంది, ఆమె తలకీ పెళ్లికొడుకు చేతులకీ మధ్య బియ్యపు గింజలు గాల్లో ఉన్నాయి. ఆవిడ స్క్రీన్‌ని చేత్తో తడిమి చూశారు. ఇంకో కుటుంబానికి ఆ అదృష్టం లేకపోయింది. అదే కార్డుతో గృహప్రవేశం కూడా తీసేశారు, నాకు ఒక్కటీ దొరకలేదు. కాబట్టి పొరపాటున డిలీట్ చేస్తే టెన్షన్ పడకండి. ముందు ఆ కార్డు కెమెరాలోంచి తీసి పక్కన పెట్టేయండి.

అపోహ: బ్రైట్‌నెస్ పెంచితే చాలు.

వాస్తవం: చాలదు. బ్రైట్‌నెస్ ఒక్కటే పెంచుకుంటూ పోతే చాలా యాప్‌లలో నలుపు బూడిద రంగుకి తిరిగి, ఫోటో మీద పొగ కమ్మినట్టు అవుతుంది. రా అయితే లైట్‌రూమ్‌లోనో, ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్‌లోనో ఎక్స్‌పోజర్ పెంచండి. జేపెగ్ అయితే ఫోటోషాప్‌లో గానీ గింప్‌లో గానీ లెవెల్స్ తెరిచి, కుడివైపు తెల్ల త్రికోణాన్ని హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుతురు ఎలా పంచుకుందో చూపే గ్రాఫ్) గుట్ట అయిపోయే చోటికి జరపండి. దానికి ముందు లేయర్‌ని (ఫోటో పొరని) కాపీ చేసి, కింది ఫోటోని వెలుతురుగా చేసే స్క్రీన్ మోడ్‌లో పెట్టి చూడండి. చాలకపోతే ఇంకో కాపీ. దగ్గరున్నవాళ్లు అప్పటికే వెలుగులో ఉంటే మాస్క్‌తో (ఆ భాగానికి మార్పు తగలకుండా కప్పి) వాళ్లని వదిలేయండి. ఫ్లాష్ వెలుతురు దూరం రెట్టింపైతే నాలుగో వంతుకి పడిపోతుంది. పీటల మీద దంపతులు బాగా వచ్చి, వెనక నిలబడ్డ నాయనమ్మ చీకట్లో ఉండిపోయేది అందుకే.

పెంచాక ముఖాలు పసుపుగా కనిపిస్తే కంగారు పడొద్దు. వెలుతురు రంగుని కెల్విన్‌లో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పసుపు ఎక్కువ. ఫ్లాష్ వెలుతురు సుమారు 5500 కెల్విన్, పసుపు రంగు బల్బులది 3000 దరిదాపుల్లో. ఫ్లాష్ చాలనప్పుడు హాలు బల్బుల రంగే ఎక్కువగా మిగులుతుంది. వైట్ బ్యాలెన్స్ (వెలుతురు రంగు సర్దుబాటు) సరిచేస్తే పోతుంది. నాయిస్ (వెలుతురు పెంచాక తేలే చుక్కలు) తీసేటప్పుడు రంగు చుక్కలు పూర్తిగా తీయండి, గ్రెయిన్ కొంచెం ఉండనివ్వండి. మొత్తం నున్నగా చేస్తే ముఖం మైనపు బొమ్మలా తయారవుతుంది.

అపోహ: ఫ్లాష్ చిన్నది, పెద్దది కొనాలి.

వాస్తవం: మధుపర్కాలు తెల్లగా ఉంటాయి. ఆటోమేటిక్ ఫ్లాష్ మీటర్ ఆ తెలుపు చూసి వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. ఫ్లాష్ కాంపెన్సేషన్ (ఫ్లాష్ బలాన్ని పెంచే, తగ్గించే సెట్టింగ్) ప్లస్ ఒకటి పెట్టి చూడండి. షాట్‌కీ షాట్‌కీ మధ్య ఫ్లాష్ మళ్లీ సిద్ధమైందని చెప్పే లైట్ వెలిగేదాకా ఆగండి. కొత్త ఫ్లాష్ సంగతి తర్వాత.

వాట్సాప్‌లో మామూలుగా పంపిన, కుదించుకుపోయిన కాపీ మీద ఎడిటింగ్ చేయమని అడగొద్దు. ఒరిజినల్ ఫైల్‌ని డాక్యుమెంట్‌గా పంపండి. ఒక్క నొక్కుతో సరిచేస్తామనే ఏఐ యాప్‌లు చీకట్లో కనపడని ముఖానికి కొన్నిసార్లు కొత్త ముఖం తయారుచేస్తాయి. అది మీ పెద్దమ్మ ముఖం కాదు.

చివరిగా నాకు బాగా బాధ కలిగించే మాట: "ఎలాగూ వెలుతురు పెంచుతున్నారు కదా, పిల్లని కాస్త తెల్లగా చేయండి." వెలుతురు సరిచేయడం వేరు, మనిషి రంగు మార్చడం వేరు. ఎక్స్‌పోజర్ సరిపోయాక చామనఛాయ చామనఛాయగానే రావాలి. అందుకే నల్లగా వచ్చిన ఫోటోలు ఇచ్చేటప్పుడు, ఆ మనిషిని పగటి వెలుతురులో తీసిన ఫోటో ఒకటి కూడా ఇమ్మంటాను. రంగు దాంతో పోల్చి చూసుకుంటాను.