తిరుపతిలో జాంబీ కరిస్తే చిత్తూరుకు ఎప్పుడొస్తుంది?

తిరుపతిలో మా బావమరిది ఇంట్లో మొన్న రాత్రి ఏదో డబ్బింగ్ జాంబీ కామెడీ చూశాం. రెండు గంటల సినిమాకు ఉన్న సరుకంతా ఒకటే: జాంబీ కరిస్తే పది సెకన్లలో మనిషి జాంబీ అయిపోతాడు. జోకులు, పరుగులు, ప్రేమ, అన్నీ దాని చుట్టూనే.

"ఇట్లయితే తెల్లారేసరికి ఊర్లో ఎవురుంటారు బావా?" అన్నాడు వాడు. కాగితం తీశాను.

ఒక్కో జాంబీ గంటకు ఒక్కరినే కరుస్తుంది అనుకుందాం. గంటగంటకూ రెట్టింపు. పదో గంటకు 1,024. 2011 జనాభా లెక్కల్లో తిరుపతి నగరం సుమారు 2.87 లక్షలు. 14వ గంటకు కూడా నూటికి ఆరుగురు చిక్కి ఉండరు. సగం ఊరికి వార్తే తెలియదు. 19వ గంట నిండకముందే ఊరు ఖాళీ! రెట్టింపు లెక్క ఇంతే, చివరిదాకా నిద్రపోతున్నట్టుంటుంది.

అయితే కాగితం మీద జాంబీలకు గుంపు ఉండదు. గాంధీ రోడ్డులో మొదలైందంటే, నడుమ ఇరుక్కున్న జాంబీ చుట్టూ జాంబీలే, కరవడానికి మనిషి దొరకడు. అంచున ఉన్నవాటికే పని. కాబట్టి అసలు వేగం రెట్టింపుకన్నా చాలా తక్కువ. కెనడా గణితవేత్తలు 2009లో అంటువ్యాధుల సమీకరణాలతోనే జాంబీల లెక్క కట్టారు. వెంటనే, గట్టిగా, పదేపదే ఎదురుదాడి చేయకపోతే మనుషులకు గెలుపు లేదని తేల్చారు. సరదా లెక్కే, సమీకరణాలు మాత్రం నిజమైనవి.

సినిమావాళ్లు పప్పులో కాలేసింది ఆ పది సెకన్ల దగ్గర. బస్టాండులో కాటు తిన్నవాడు చిత్తూరు బస్సెక్కే లోపే జాంబీ అవుతాడు. ఒకవేళ ఎక్కినా, డ్రైవరును కరుస్తాడు, బస్సు చంద్రగిరి దాటదు. అదే మారడానికి రెండు రోజులు పడితే? టికెట్ తీసుకుని, కిటికీ పక్కన కూర్చుని, చిత్తూరులో అత్తగారింట్లో భోంచేసి మరీ మారతాడు. కరోనా అంత దూరం పాకింది ఇందుకే, జ్వరం రాకముందే మనిషి ఊళ్లు తిరిగాడు.

కాటుతో అంటుకుని, మెదడుకెక్కి, మళ్లీ కరిపించే జబ్బు నిజంగానే ఉంది, రేబిస్. కుక్క లాలాజలంలోని వైరస్ గాయంలోంచి నరాల వెంబడి నిదానంగా మెదడు వైపు పాకుతుంది. లక్షణాలు బయటపడడానికి మామూలుగా రెండు మూడు నెలలు. బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. కానీ ఆ నత్తనడకే మనకు దొరికిన అదృష్టం. 1885లో లూయీ పాశ్చర్ కుక్క కరిచిన తొమ్మిదేళ్ల పిల్లవాడికి టీకా వేసి బతికించగలిగింది అందువల్లే: వైరస్ మెదడు చేరేలోపు ఒంట్లో రక్షణ తయారైంది. చాలా జబ్బులకు ముందే వేయించుకోవాలి, దీనికి కరిచాక వేయించుకున్నా పనిచేస్తుంది.

పోయినేడాది వీధికుక్క పిక్క పట్టుకుంటే మా బావమరిది పసుపు అద్దుకుని పడుకోబోయాడు. మా ఆవిడ తిట్టి, పావుగంట సబ్బు నీళ్లతో కడిగించి, ఆస్పత్రికి తరిమింది. అది గుర్తొచ్చిందేమో, క్లైమాక్స్‌లో హీరో కాలు మీద కాటు పడగానే టీవీ మీదికి అరిచాడు: "రేయ్, ముందు కుళాయి తిప్పరా!"